తాతయ్య గుర్రపు లాగు, ఒక్కటే మిగిలిన తోలు తొడుగు

కోటవీధి_పిల్ల:

అందరికీ నమస్కారం. సొంతూరు విజయనగరం, ఇప్పుడు హైదరాబాద్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. అరవై దాటాయి కాబట్టి ప్రశ్న ఒక్క ముక్కలో అడగడం చేతకాదు. కాస్త ఓపిక పట్టండి.

పోయిన నెల అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఇంటికి సున్నం వేయించాలని అటక మీద సామాను దింపిస్తే మా తాతయ్య ట్రంకు పెట్టె బయటపడింది. తాళంచెవి ఎప్పుడో పోయింది. గొళ్ళెం ఎంత తుప్పు పట్టిందంటే చేత్తో లాగితే ఊడొచ్చింది. లోపల పొడైపోయిన వేపాకు, దాని కింద ఒక ఖాకీ లాగు, ఒక బెండు టోపీ, పిక్కకి కట్టుకునే తోలు తొడుగు. తొడుగు ఒక్కటే ఉంది. రెండోది ఎందుకు లేదో నాకు తెలుసు. అది తర్వాత చెబుతాను.

ముందు ఆ లాగు సంగతి. నడుము దగ్గర మామూలు ప్యాంటే. అక్కడి నుంచి తొడలకి రెండు పక్కలా చాటలు కట్టినట్టు ఉబ్బి, మోకాలి దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా చుడీదార్‌లా బిగిసిపోతుంది. పిక్క మీద అయిదేసి చిన్న గుండీలు. ఒకచోట గుండీ మారింది, చొక్కా గుండీ తెచ్చి కుట్టారు, అది మా నాన్నమ్మ పనే అయి ఉంటుంది. మోకాళ్ళ లోపలి వైపు తోలు అతుకులు అప్పడాల్లా పెళుసెక్కిపోయాయి. తొడ మీద పెద్ద నీళ్ళ మరక. దాని సంగతి కూడా నాకు తెలుసు.

తాతయ్య ఒక జమీందారీ ఎస్టేటులో చిన్న ఉద్యోగి. గజపతినగరం వైపు ఊళ్ళు గుర్రం మీద తిరిగి శిస్తు లెక్కలు చూసేవాడట. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. ఉద్యోగం పోయింది, గుర్రాన్ని అమ్మేశాడు. నేను పుట్టింది 1961లో, కాబట్టి ఆయన్ని గుర్రం మీద చూడనే లేదు. నేను చూసిందల్లా ఏటా సంక్రాంతి ముందు ఆ లాగుని పెరట్లో దండెం మీద ఎండవేయడం, తొడుగులకి ఆముదం రాయడం, సాయంత్రం మళ్ళీ మడతలు సరిచూసి పెట్టెలో పెట్టడం. "ఎక్కడానికి గుర్రం లేదు, ఎండబెట్టడానికి లాగొకటి" అని నాన్నమ్మ ఏటా అదే మాట అనేది. నా ఎనిమిదో ఏట ఆయన పోయాడు. ఆ తర్వాత ఎండవేయడం ఆవిడే చేసింది.

నా గుర్రం వేరు. మా వీధి చివర జట్కా తాత ఉండేవాడు. స్టేషన్‌కీ గంటస్తంభానికీ మధ్య బండి తోలేవాడు. గుర్రమంటే తట్టుగుర్రమే, అప్పటి నా భుజం కంటే ఓ జానెడు ఎత్తు. నుదుట తెల్లమచ్చ ఉండేది, అందుకని దాని పేరు చుక్క. మధ్యాహ్నం బండి విప్పి చుక్కని కడగడానికి పెద్ద చెరువుకి తీసుకెళ్ళేటప్పుడు నన్ను ఎక్కించేవాడు. జీను లేదు, రికాబు లేదు. మడతపెట్టిన గోనెసంచి, దాని మీద గౌనులో నేను. చేతికి కళ్ళెం ఇచ్చేవాడు కాదు, జూలు పట్టుకోమనేవాడు. నేను భయపడి బిగుసుకుంటే చుక్క టక్కున ఆగిపోయేది. "గుర్రం నీ నోటి మాట ఇనదే గుంటా, నీ ముడ్డి సెప్పిన మాట ఇంటాది. నడుం ఒగ్గీ" అనేవాడు. ఈ మధ్య నా మనవరాలికి రైడింగ్ నేర్పే కోచ్ పావుగంట సేపు ఇంగ్లీషులో చెప్పింది కూడా ఇదే. ఆ ఒక్క మాట తీసేసి చెప్పాడు, అంతే.

ఇక 1972 దసరా సెలవులు. అప్పటికి విజయనగరం ఇంకా విశాఖ జిల్లాలోనే ఉండేది. మా పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను ఊరేగే రోజున రాజుల కుటుంబం కోట బురుజు మీద కూర్చుని చూస్తారు కదా. రాజులంటే గుర్రపు లాగులు వేసుకుంటారని నా పదకొండేళ్ళ లెక్క. సిరిమానుకి ముందు రోజు మధ్యాహ్నం నాన్నమ్మ కునుకు తీస్తుంటే ట్రంకు తెరిచాను. లాగు తొడుక్కుని నడుముకి లంగా బొందు బిగించాను. తొడుగులు వదులైతే లోపల పాత పేపర్లు కుక్కాను. జట్కా తాత నన్ను చూసి నోట్లో చుట్ట తీసి "ఏటమ్మా, ఏ సంస్థానం మీది?" అన్నాడు. చుక్క కూడా నన్ను గుర్తుపట్టక రెండడుగులు వెనక్కి వేసింది.

వానలు బాగా కురిసిన ఏడు, చెరువు నిండుగా ఉంది. చుక్క ఎప్పటిలాగే ఛాతీ లోతుకి దిగి ఒళ్ళు విదిల్చింది. నేను జారి నీళ్ళలో పడ్డాను. పడ్డాను గానీ మునగలేదు. పైన బొందు బిగించి ఉంది, కింద గుండీలు పెట్టి ఉన్నాయి, మధ్యలో చిక్కిన గాలికి దారి లేదు. రెండు తొడలూ ఉబ్బి, ఈతకి బెండ్లు కట్టినట్టు నడుము తేలిపోయింది. తల మాత్రం కిందికి! జట్కా తాత నా జుట్టు పట్టుకుని లేపాడు. ఒడ్డున బట్టలుతికేవాళ్ళు బండకి బట్ట కొట్టడం ఆపి మరీ నవ్వారు. పదో తరగతి అయ్యేదాకా ఆ వీధిలో నా పేరు బుడగ దొర.

ఒడ్డుకొచ్చి చూసుకుంటే ఒక కాలి తొడుగు లేదు. ఇద్దరం బురదలో కాళ్ళతో తడిమాం, దొరకలేదు. లాగు తాత ఇంట్లో ఆరేసి, చీకటి పడ్డాక పెట్టెలో పెట్టేశాను. సంక్రాంతికి బయటికి తీసినప్పుడు "రెండోది ఏదీ?" అన్నారు నాన్నగారు. "ఎలక లాక్కుపోయుంటుంది" అంది నాన్నమ్మ, నావైపు చూడకుండా. నేనూ తలూపాను. ఈ రోజు వరకు ఇంట్లో ఎవరికీ నిజం చెప్పలేదు.

ఇప్పుడు నా ప్రశ్నలు. మనవరాలు ఆ లాగు చూసి "అమ్మమ్మా, ఇది ప్యాంటా పారాచూటా?" అంది. నిజంగానే, అంత వెడల్పు ఎందుకు పెట్టేవారు? ఉత్త డాబేనా? ఆ తొడుగు మెత్తబడే దారి ఉందా, దానికి జత ఎవరైనా కుట్టగలరా? ఇంకోటి, ఈ పిల్ల ఆ బెండు టోపీ పెట్టుకుని గుర్రం ఎక్కి ఫోటో దిగుతానంటోంది. పర్వాలేదా?

కత్తెర_మాస్టారు (బొబ్బిలి):

అమ్మా, డాబు కాదమ్మా, లెక్కే. మా నాన్నగారు పోలీసు యూనిఫారాలు కుట్టేవారు. ఇలాంటి లాగులు రెండు మూడు నా చేత కూడా విప్పించి మళ్ళీ కుట్టించారు, కాబట్టి చెప్పగలను.

అప్పటి గుడ్డ సాగదు. ఖాకీ డ్రిల్లు, గబర్డీన్, ఏదైనా సరే అంగుళం కూడా సాగదు. గుర్రం మీద కూర్చున్నవాడి తొడ పక్కకి తెరుచుకుంటుంది, మోకాలు మడుచుకుంటుంది. గుర్రం దుడుకు నడకలో ఉంటే లేస్తూ కూర్చుంటూ ఉండాలి. మామూలు ప్యాంటు అయితే మొదటి ఫర్లాంగులోనే పిర్రల దగ్గర చిరుగుతుంది. అలాగని కింద వదులు పెడితే బూటులో ముడతలు పడి పిక్క ఒరుసుకుపోతుంది. అందుకని కావలసిన వదులంతా తొడ పక్కకి నెట్టేవారు. అక్కడైతే గుర్రానికీ తగలదు, మనిషికీ తగలదు. మీ చాటల రహస్యం ఇదే. లోపలి వైపు చూడండి, తొడకీ మోకాలికీ మధ్య లావు కుట్టు ఉండదు. జీనుకి ఆనుకునే చోట కుట్టు పడితే సాయంత్రానికి చర్మం లేచిపోతుంది. ఆ తోలు అతుకు గుడ్డ అరిగిపోకుండా, జీను మీద జారకుండా వేసింది.

మీరు చుడీదార్ అన్నారు చూడండి, అది భలే మాట. 1897లో విక్టోరియా రాణి పాలనకి అరవై ఏళ్ళు నిండాయని జరిగిన ఉత్సవాలకి జోధ్‌పూర్ నుంచి సర్ ప్రతాప్ సింగ్ పోలో జట్టుని తీసుకుని ఇంగ్లండ్ వెళ్ళాడు. వీళ్ళ లాగులు చూసి అక్కడివాళ్ళు మోజుపడ్డారు. అందుకే వాటికి జోధ్‌పూర్స్ అని మన ఊరి పేరే పడింది. తొడ వదులు, కింద చీలమండ దాకా బిగువు, ఎంతైనా చుడీదార్ చుట్టమే. మీ తాతగారిది మాత్రం అది కాదు. పిక్క మధ్యలో గుండీలతో ఆగిపోయింది కాబట్టి బ్రీచెస్. దానికి కింద పొడుగు బూటైనా ఉండాలి, లేదా గేటర్లైనా, అంటే మీ దగ్గరున్న తోలు తొడుగులైనా ఉండాలి. పొడుగు బూట్లు దొరలకి, గేటర్లు గుమాస్తాలకి. మీ తాతగారు కొనగలిగింది కొన్నారు.

సాగే గుడ్డ వచ్చాక ఆ చాటలతో పని లేకపోయింది. స్పాండెక్స్ దారం 1958లో అమెరికాలో పుట్టింది. అది బట్టల్లో కలిసేసరికి మా కత్తెరలో సగం విద్య అటకెక్కింది. మీ ట్రంకు లాగే.

తొడుగు ఎండలో పెట్టకండి. పిండిన తడిగుడ్డతో తుడిచి నీడన ఆరనిచ్చి, నాలుగు చుక్కల ఆముదం అరచేత్తో రుద్ది, లావు సీసాకి చుట్టి వారం రోజులు వదిలేయండి. విరగ్గొట్టి మడత పెట్టొద్దు. జత కావాలంటే అది పేపరు మీద పెట్టి గీసి పంపండి. బకిల్స్ ఏ వైపు ఉన్నాయో కూడా రాయండి. అవి గుర్రం వైపు కాకుండా బయటి వైపు రావాలి, లేదంటే దాని పొట్ట గీరుకుపోతుంది.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):

బుడగ దొర గారికి వందనాలు. మీకు పైన గాలి చిక్కింది, నాకు కింద గాలి చిక్కింది.

మా ఊరికి రైలు లేదు కదా. శ్రీకాకుళం రోడ్ అని పేరు పెట్టుకున్న స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుంది. మా చిన్నప్పుడు అక్కడ దిగితే జట్కాల వాళ్ళు సంచులు లాక్కునేవాళ్ళు. ముందు కూర్చుంటే గుర్రం తోక మొహానికి, వెనక కూర్చుంటే దుమ్ము మొహానికి. ఆ జట్కాలాయనల్లో ఒకరి గుర్రాన్నే 1978లో మా పెద్దనాన్న కొడుకు పెళ్ళికి ఊరేగింపుకి మాట్లాడారు. పెళ్ళికొడుకు ఎక్కనంటే ఎక్కనన్నాడు. నేను డిగ్రీ రెండో ఏడు. బెల్‌బాటమ్ వేసుకుని ఉన్నాను. అడుగున ఇరవై ఆరు అంగుళాలు, టైలరు ఇంకో రెండు పెట్టమంటావా అని అడిగిన రకం. "నేనెక్కుతా" అన్నాను.

ఎక్కడం వరకు బాగానే ఎక్కాను. వీధి మలుపులో నది మీది గాలి తగిలింది. రెండు కాళ్ళ దగ్గరా రెండు జెండాలు ఎగిరినట్టు ప్యాంటు టపటపలాడింది. గుర్రం కడుపుకి అది తగిలేసరికి ఎవరో కొడుతున్నారనుకుంది పాపం. బ్యాండు మేళం మధ్యలోంచి దౌడు. డ్రమ్ము వాయించేవాడు డ్రమ్ముతో సహా కాలవలోకి దూకాడు. నేను ఎక్కడ పడ్డానో చెప్పను గానీ, పేడ మెత్తగానే ఉంటుందని ఆ రోజు తెలిసింది. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అంటారు. నాది నాలుగు కాళ్ళ మీదా పరిగెత్తింది, కాబట్టి నేను మెత్తన కాదని మా ఇంట్లో వాదిస్తుంటాను.

ఆ ప్యాంటు మా ఆవిడ సంచులు కుట్టేసింది. మీ నాన్నమ్మగారు దాచారు, గొప్పవారు.

కోటవీధి_పిల్ల:

మాస్టారూ, పొడుగు బూట్లు దొరలకి, గేటర్లు గుమాస్తాలకి అన్న మాట దగ్గర ఆగిపోయాను. చిన్నప్పుడు నాకు ఆ తొడుగులు రాజరికంలా కనబడేవి. సీసాకి చుట్టాను, పెట్టిన గంటకే కొంచెం లొంగింది. నాగావళి గారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. సంచుల దగ్గర నవ్వింది.

పశువుల_డాక్టరు (గరివిడి):

అమ్మా, మూడో ప్రశ్నకి సూటిగా జవాబు: వద్దు. నిలబడ్డ గుర్రమైనా వద్దు. టోపీ చేత్తో పట్టుకుని గుర్రం పక్కన నిలబడి ఫోటో తీసుకోమనండి.

అది సోలా టోపీ. సూర్యుడికీ ఆ పేరుకీ సంబంధం లేదు. సోలా అంటే మన జీలుగు బెండు, బొమ్మలకీ పెళ్ళి బాసికాలకీ వాడేదే. ఎండ నుంచి కాపాడుతుంది, రాయి నుంచి కాపాడదు. గోరుతో నొక్కితే గుంట పడుతుంది చూడండి. దాని తర్వాతి తరంలో నల్ల వెల్వెట్ టోపీలు వచ్చాయి, గడ్డం కింద ఒక ఎలాస్టిక్ తాడు ఉంటే ఉన్నట్టు. చూడ్డానికి అందం. పడేటప్పుడు మనకంటే ముందు అదే పడిపోయేది. ఇప్పటి హెల్మెట్లలో లోపల గట్టి థర్మకోల్ లాంటి పొర ఉంటుంది. దెబ్బ తగిలితే అది నలిగి తలకి వచ్చే దెబ్బ తగ్గిస్తుంది. ఒకసారి నలిగితే మళ్ళీ పని చేయదు కాబట్టి గట్టిగా పడ్డాక హెల్మెట్ మార్చాల్సిందే, పైకి గీత లేకపోయినా సరే. మీ పాపకి ఈ మాట గుర్తు చేయండి.

ఫ్యాషన్ మీద మమకారం మీ ఒక్కరిదే కాదు. గుర్రం చేత పద్ధతిగా అడుగులు వేయించే డ్రెస్సాజ్ అనే పోటీలో తెల్ల బ్రీచెస్, తోక కోటు, పొడుగు నల్ల టోపీ పెట్టుకునేవారు. తలకి దెబ్బలు తగులుతున్నాయని ఎన్నేళ్ళు మొత్తుకున్నా ఆ టోపీ వదలడానికి చాలామంది ఒప్పుకోలేదు. చివరికి అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య 2021 నుంచి హెల్మెట్ తప్పనిసరి చేసేసింది. 2023 ఆసియా క్రీడల్లో డ్రెస్సాజ్ టీమ్ బంగారు పతకం మనకొచ్చింది కదా, ఆ ఫోటోలు చూడండి. కోటు ఉంది, తెల్ల లాగు ఉంది, తల మీద మాత్రం హెల్మెట్. లాగుకి మీ చాటలు కూడా లేవు.

నేను తిరుపతిలో వెటర్నరీ చదివినప్పుడు ఎన్.సి.సి.లో రిమౌంట్ అండ్ వెటర్నరీ అని గుర్రాల దళం ఉండేది. తెల్లారకముందే లాయం ఊడవడం, మాలీషు చేయడం, ఆ తర్వాతే ఎక్కడం. మాకిచ్చిన ఖాకీ బ్రీచెస్ మా ముందు ఎన్ని బ్యాచ్‌లు తొడుక్కున్నాయో లెక్క లేదు. నా దానికి నడుము నాలాంటివాళ్ళు ఇద్దరు పట్టేంత. ఉస్తాద్ రికాబులు తీసేయించి తిప్పేవాడు. తొడలు మండిపోయేవి, రెండు రోజులు మెట్లు దిగాలంటే ఏడుపొచ్చేది. మీరు గోనెసంచి మీద పదకొండేళ్ళకే నేర్చుకున్నది మాకు ఇరవై ఏళ్ళకి, దెబ్బలు తిని వచ్చింది.

ఇంకో మాట. గుర్రం మీద బరువు దాని బరువులో అయిదో వంతు దాటకుండా చూడమంటారు. తట్టుగుర్రం మీద పదకొండేళ్ళ పిల్ల సరిపోతుంది. ఇప్పుడు విజయనగరం వచ్చి ఎక్కుతానంటే మాత్రం ఊరుకోను.

ఉలవగుగ్గిళ్ళు_88:

అందరూ మురిసిపోతున్నారు, బాగుంది. ఆ జట్కా గుర్రాల మెడ మీద పుళ్ళు ఎవరికీ గుర్తు లేవా? ఎండాకాలం తారురోడ్డు మీద లాడం జారి మోకాళ్ళ మీద పడితే కొరడాతో లేపడం నేను చూశాను. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారు గానీ, వాటికి దాణా కూడా తక్కువే. ఆ బళ్ళు పోవడమే మంచిదైంది.

కోటవీధి_పిల్ల:

మీరన్నది అబద్ధం కాదు. చుక్కకి కూడా కాడి ఆనేచోట బొచ్చు ఉండేది కాదు, నల్లగా మెరిసే చర్మం. తాత పసుపు, వేపనూనె రాసేవాడు. మర్నాడు మళ్ళీ అక్కడే కాడి వేసేవాడు. కొరడా కూడా ఉండేది. నన్ను ఎక్కించుకున్నప్పుడు తీయలేదు గానీ, స్టేషన్‌కి రైలు వేళ అయితే తీసేవాడు. అప్పుడు నాకు తప్పనిపించలేదు. రిక్షాలు ఎక్కువై, తర్వాత ఆటోలొచ్చి బేరాలు పడిపోయాక చుక్క గుగ్గిళ్ళు తగ్గాయి, తాత బీడీలు తగ్గలేదు. ఇదీ రాయాల్సిందే.

కొండబడి_టీచర్:

మీరంతా పాత సంగతులంటున్నారు గానీ, నేను అనంతగిరి వైపు కొండ మీద ఊళ్ళో పని చేశాను. రోడ్డు లేని చోటికి బియ్యం బస్తాలు ఎక్కేదీ, సంతకి సరుకు దిగేదీ గుర్రాల మీదే. జీను బదులు బొంత, కళ్ళెం బదులు తాడు. నా రెండో తరగతి పిల్లవాడు ఒకడు చెప్పుల్లేకుండా, చొక్కా గుండీల్లేకుండా, బస్తాల మీద కూర్చుని పలక పట్టుకుని బడికి వచ్చేవాడు. దిగి గుర్రానికి నీళ్ళు చూపించాకే లోపలికి వచ్చేవాడు. హాజరు లేటుగా పలికేవాడు. నేనేమీ అనేవాణ్ణి కాదు.

ఇంటి దగ్గర వైజాగ్ బీచ్‌లో మా అబ్బాయిని గుర్రం ఎక్కిస్తే, సెల్ఫీ బాగా రాలేదని దించి మళ్ళీ ఎక్కించమన్నాడు.

కోటవీధి_పిల్ల:

పది రోజుల తర్వాత రాస్తున్నాను. పెద్ద సంగతే జరిగింది.

నాగావళి గారి పోస్టు చదివినప్పటి నుంచి అమ్మ నా పోస్టు కూడా చదవమని అడుగుతోంది. నేను దాటవేస్తూ వచ్చాను. నిన్న మా మనవరాలు వీడియో కాల్‌లో మొత్తం చదివి వినిపించేసింది, చెరువుతో సహా. నేను పక్క గదిలో ఉన్నాను. అమ్మ నవ్వుతుంటే వచ్చి చూశాను.

"తొడుగు పోవడమేమిటే? మర్నాడు పొద్దున్నే జట్కా తాత పెరటి గుమ్మం దగ్గరికి పట్టుకొచ్చాడు కదా" అంది అమ్మ.

నాకు నోట మాట రాలేదు. సిరిమాను రోజు తెల్లవారకుండానే చెరువులో దిగి వెతికాడట. బురద కడిగి, కండువాలో చుట్టుకుని తెచ్చాడట. నాన్నమ్మ చేతిలో పెట్టి "గుంటకి సెప్పకండమ్మా. సిగ్గుపడిపోయి మళ్ళీ గుర్రం దరికి రాదు" అన్నాడట. నాన్నమ్మ ఆయనకి కాఫీ ఇచ్చి పంపిందట. ఇంత జరిగాక సంక్రాంతి నాడు నాన్నగారి ముందు ఎలక మీద పెట్టేసింది!

మరి ఆ తొడుగు ఏమైందని అడిగాను. నీళ్ళలో నాని, ఆరాక బిర్రబిగుసుకుని చేటలా వంకర తిరిగిపోయిందట. అప్పట్లో మా ఇంట్లో కిరసనాయిలు పంపు స్టవ్వు ఉండేది. గాలి కొట్టే పంపులో తోలు వాషరు అరిగిపోయినప్పుడల్లా బజారుకి పరిగెత్తాలి. నాన్నమ్మ ఆ తొడుగుని కత్తిపీట మీద గుండ్రంగా కోసి, ఆముదంలో నానబెట్టి డబ్బాలో దాచిందట. "ఎండబెట్టుకోడానికి లాగు ఉంది కదా, చాల్లే అంది మీ నాన్నమ్మ" అని అమ్మ చెప్పింది. ఎన్నేళ్ళు వచ్చాయని అడిగితే, "నీ పెళ్ళి టిఫిన్లు కూడా ఆ స్టవ్వు మీదే" అంది.

యాభై ఏళ్ళు పైగా ఎలక మీద తోసేసి తప్పించుకున్నాననుకున్నాను. నాకు తెలియకుండానే ఇంటిల్లిపాదీ ఆ తొడుగు మీద వండుకు తిన్నాం.

కత్తెర_మాస్టారు (బొబ్బిలి):

పంపు వాషరుకి ఆ తోలు చాలా మంచిది అమ్మా, మీ నాన్నమ్మగారికి వస్తువు విలువ తెలుసు. అదలా ఉంచండి, మిగిలింది కుడి కాలిదా, ఎడమ కాలిదా చెప్పలేదు. బకిల్స్ ఎటు ఉన్నాయి?

కోటవీధి_పిల్ల:

ఎడమ కాలిది మాస్టారూ. పేపరు మీద గీశాను, రేపు పోస్టు చేస్తాను. ఆ స్టవ్వు కూడా అటక మీదే దొరికింది. పంపు విప్పి చూశాం. వాషరు లోపలే ఉంది.